కళ్ళంలో వంటిల్లు

ఎర్రబండపల్లె ఓబన్న గారి వంటింటి పొగ గురించి బద్వేలు సంతలో కూడా చెప్పుకునేవారు. ఒక తెల్లపిల్లి ఆ వంటింట్లోకి పోయి నల్లపిల్లిగా బయటికి వచ్చిందనీ, దాని పిల్లలే దాన్ని గుర్తుపట్టక మీదపడి రక్కాయనీ అనేవారు. కొత్తగా వచ్చిన అల్లుడొకడు ఆ పొగలో తన విస్తరి అనుకొని పక్కాయన విస్తరి ఖాళీ చేసి లేచాడనీ అనేవారు. పిల్లి సంగతి ఎంత నిజమో పిల్లినే అడగాలి. ఆ ఇంటి కోడళ్ళు నలుగురూ పొగలో ఒకరినొకరు దగ్గును బట్టి గుర్తుపట్టేవారన్నది మాత్రం నిజం.

ముప్పై నాలుగు మంది తినే ఇల్లు అది. అన్నదమ్ములు నలుగురు, పెద్దవాడు ఓబన్న. పెత్తనం మాత్రం వాళ్ళ తల్లి రామలక్ష్మమ్మది. యాభై ఏళ్ళు పొయ్యి ఊది ఊది ఆమె కండ్లు మసకబారాయి. కడప డాక్టరు రెప్పలు ఎత్తి చూసి, ఇంకొక్క ఏడాది ఈ పొగలో ఉంటే ఆ మసక కూడా మిగలదన్నాడు. ఆమె బస్సు దిగి ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కొడుకులను పిలిచింది.

“వంటిల్లు పెరికి పెద్దదిగా కట్టండి. గోడలు లేచినాకనే ఈశ్వరి పెండ్లి. నా మనవరాలి పెండ్లి కూడు ఈ పొగలో వండేది లేదు.”

ఈశ్వరి ఓబన్న కూతురు. అసలు పేరు వెంకటేశ్వరమ్మ. అంత పేరు పిలిచే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల, మంచి పొడగరి. జొన్నచేను కోతకొచ్చిన రోజుల్లో గట్టు వెంట నడిచి వస్తుంటే ముందు తల కనబడేదనీ, మిగతా మనిషి కాసేపటికి గానీ వచ్చేది కాదనీ ఊళ్ళో అనుకునేవారు.

అది పందొమ్మిదివందల యాభై ఐదో సంవత్సరం. కొత్తగా బ్లాకు ఆఫీసులు పెట్టి, పొగరాని పొయ్యిలు కట్టుకోండని ఊరూరా చెప్పి తిరుగుతున్న కాలం. ఓబన్న కబురు పంపితే ఆఫీసు నుంచి ఓవర్సీరు దేవేంద్రప్ప సైకిలు మీద ఏడు మైళ్ళు తొక్కి వచ్చాడు. ఆదోని తట్టు వాడు. పాతికేళ్ళుంటాయి. ఉద్యోగం కొత్త, సైకిలు పాతది.

పరాయి మగవాడు వస్తున్నాడని కోడళ్ళు నలుగురూ లోపలి గదిలోకి పోయారు. దేవేంద్రప్ప టేపు పట్టుకొని వంటింట్లోకి దిగాడు. నాలుగడుగులు వేసేసరికి ఎదుట టేపు ఉంది గానీ పట్టుకున్న చెయ్యి లేదు. తడుముకుంటూ పోతుంటే ఒక స్తంభం తగిలింది. హమ్మయ్య అనుకొని టేపు కొసను దాని చుట్టూ తిప్పబోయాడు.

స్తంభం దగ్గింది.

“సారూ, ముడి గట్టిగా వేయొద్దండి. నాకు పొయ్యి కాడ పనుండాది.”

దేవేంద్రప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. “స్తంభం అనుకొన్యానండీ.”

“ఈ వంటింట్లో స్తంభాలు లేవు. దూలాలు గోడల మీదనే ఉండాయి. ఓవర్సీరన్నాక ముందు అది గదా చూడాల్సింది.”

“కనబడితే గదా చూసేది.”

“కనబడితే మిమ్మల్ని యాల పిలిపిస్తాము?”

దేవేంద్రప్ప టేపు చుట్టుకోసాగాడు. పైకప్పులో పొగ పోయే గవాచిలోంచి ఒక చారెడు వెలుతురు పడితే, ఆ వెలుతురులో ముక్కు కొస మీద మసి అంటిన ఒక ముఖం కనబడింది. అన్నం వార్చడానికి కాపలా ఉన్న ఈశ్వరి. ఆ పూట దేవేంద్రప్ప రాసుకున్న కొలతల్లో ఒక్కటి కూడా పనికిరాలేదు.

బయటికి వచ్చాక రామలక్ష్మమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. ఇంటిపేరు అడిగింది. తాత పేరు, తాత మేనమామ ఊరు, ఆయన బావమరిది పిల్లనిచ్చిన ఇల్లు అడిగింది. ఏడో తరం దగ్గర ఏదో కొస దొరికింది. “అయితే మనోళ్ళేనప్పా నువ్వు,” అని ఇంకో చెంబు మజ్జిగ ఇప్పించింది.

మరుసటి ఆదివారం అతను నక్ష గీసుకొని వచ్చాడు. నీలం సిరాతో గీతలు, ఎర్ర సిరాతో అంకెలు. రామలక్ష్మమ్మ కాగితాన్ని కంటికి ఆనించుకొని చూసింది.

“ఈ చౌకం ఏంది?”

“పొయ్యవ్వా.”

“అగ్గిపెట్టెంత ఉండాది.”

“అది స్కేలవ్వా. కాగితం మీద అంగుళమంటే నేల మీద నాలుగడుగులని లెక్క.”

“నీ లెక్క నీకు తెలుస్తాది. నేను కాగితం మీద నిలబడి సంగటి కెలకలేను. కళ్ళంలో గీయప్పా. ఎంతది అంత గీయి. నడిచి చూస్తే తెలుస్తాది, సరిపోతాదో లేదో.”

పంటలు ఇంటికి చేరి కళ్ళం ఖాళీగా ఉన్న రోజులు. రసూల్ సాహెబ్ మేస్త్రి దారాలు పట్టాడు. దేవేంద్రప్ప ముగ్గుపిండి డబ్బా చేత పట్టుకొని, ముప్పై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల వెడల్పు వంటింటిని నేల మీద గీశాడు. గోడలు, కిటికీలు, నాలుగు పొయ్యిలు, నిలబడి వండే గట్టు. ఓవర్సీరు పని ముగ్గులేయడమా అని దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకామె అంచుకు చుక్కలు కూడా పెట్టమంది.

నడిచి చూడాల్సింది కోడళ్ళు. వాళ్ళు పరాయి మగవాడి ముందుకు రారు. దడి వెనక నిలబడి గాజులు మాత్రం వినిపించారు. రామలక్ష్మమ్మ మనవరాలిని ముందుకు తోసింది. “వాళ్ళ నలుగురి బదులూ నువ్వు నడువు. వాళ్ళ పనులన్నీ నీకు తెల్సు గదా.”

ఈశ్వరి ఖాళీ కుండ చంకన పెట్టుకొని గీతల్లోకి దిగింది. “ఇప్పుడు నేను మా అమ్మ,” అని సన్నగా రెండుసార్లు దగ్గింది. మొదటి పొయ్యి దగ్గరికి పోయి లేని అన్నం వార్చింది. “ఇప్పుడు చిన్నపిన్నమ్మ,” అని గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు దగ్గింది. దడి వెనక ముగ్గురు నవ్వారు, ఒకరు నవ్వలేదు.

దేవేంద్రప్ప ఏదో చూపిద్దామని దగ్గరికి వచ్చాడు.

“సారూ, ఆగండి. ఏంది, గోడలోంచి వస్తాండారు?”

అతను కిందికి చూసుకొని, వెనక్కి పోయి, చుట్టూ తిరిగి, వాకిలి గీసిన చోట నుంచి లోపలికి వచ్చాడు.

“చెప్పులు,” అంది ఈశ్వరి.

చెప్పులు గోడ బయట విడిచి వచ్చాడు. రసూల్ సాహెబ్ ముఖం తిప్పుకొని మీసాలు దిద్దుకున్నాడు.

“ఈ గట్టు బాగుండాది. కానీ ముప్పై నాలుగు మందికి సంగటి యాడ కెలకాల?”

“గట్టు మీదనే.”

“మీరు ఎప్పుడన్నా కెలికినారా సారూ? కుండ నేల మీద పెట్టి, ఇద్దరు పట్టుకొని, ఒకరు కట్టె తిప్పితే గానీ కదలదు. గట్టు మీద పెట్టి కెలికితే కుండ ఒక తట్టు, మా పెద్దపిన్నమ్మ ఒక తట్టు పడతారు.”

అది నిజంగానే తప్పు. దేవేంద్రప్ప ఒప్పుకున్నాడు. సంగటికి కింద వేరే చోటు చూపించడానికి వచ్చే ఆదివారం వస్తానన్నాడు. ఏడు మైళ్ళూ సైకిలు తొక్కుతూ అతను సంగటి గురించే ఆలోచించాలి. దాని గురించి ఆలోచించలేదు.

ఇట్లా ఆదివారాలు నడిచాయి. ఒక వారం మజ్జిగ చిలికే గుంజ మరిచాడు. ఒక వారం నీళ్ళ కాగులకూ పొయ్యికీ మధ్య మనిషి పట్టేంత సందు లేదు. ఈ రెండూ నిజమైన తప్పులే. ఆ తరువాత తప్పులు నిజమైనవి కావు. వంటిల్లు సరిపోయిందని అవ్వ ఒక్కమాట అంటే తనకు ఇక ఆ ఊరితో పని ఉండదు. గోడలు లేవడమూ ఈశ్వరికి సంబంధం చూడడమూ ఒక్కసారే మొదలవుతాయి. ఈ సంగతి అతనికి నాలుగో ఆదివారానికి బాగా అర్థమైంది. ఐదో ఆదివారం నక్షలో వాకిలి లేదు.

“సారూ, వాకిలి యాడ?”

“మరిచిపోయినా.”

“మరి లోపలికి ఎట్ల పోవాల?”

“వచ్చే వారం పెడతా.”

“అందాకా నేను బయటనే వండాల్నా?”

అంత చిన్న సంగతి మరిచిన ఓవర్సీరుకు సర్కారు జీతం ఎట్లా ఇస్తోందని ఆమె అడిగింది. ఈ పిల్లకు తన పని ఒక్కటీ నచ్చదని అతను అనుకున్నాడు. తప్పు లేకపోయినా వెతికి పట్టుకునేది మరి.

“మూడో పొయ్యి నుంచి ఉప్పుజాడీకి పదకొండు అడుగులుండాది. ఉప్పు తెచ్చేలోపల చారు ఇగిరిపోతాది.”

“పదకొండా?”

“నేను నడిచి చూసినా గదా. ఇంగ ఈ కిటికీ. సాయంత్రం ఎండ మా నడిపి పిన్నమ్మ కంట్లో పడతాది.”

“ఆమె సాయంత్రం ఆ పక్క నిలబడదని పోయిన వారం మీరే చెప్పినారు.”

“నిలబడొచ్చు. ఎవురికి తెల్సు?”

అతను కిటికీ మార్చాడు. మరుసటి వారం ఆమె దాన్ని మళ్ళీ పాత చోటికే మార్పించింది.

ఆరో ఆదివారం గట్టు ఎత్తు తేల్చాల్సి వచ్చింది. అది వండే మనిషి మోచేతిని బట్టి పెట్టాలని రసూల్ సాహెబ్ పద్ధతి. సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చి, మీద ఒక నాపబండ పరిచాడు. ఈశ్వరి పక్కన నిలబడి మోచెయ్యి వంచింది. దేవేంద్రప్ప ఒక వరస ఇటుకలు పెట్టించాడు, ఇంకో వరస పెట్టించాడు. బండ సరిగ్గా ఆమె మోచేతికి బెత్తెడు కిందికి వచ్చింది. ఆమె లేని కుండలో లేని తెడ్డు తిప్పి చూసింది.

“నడుం వంగే పని లేదు,” అంది మెల్లగా. ఆ ఒక్కసారి తప్పు పట్టలేదు.

“మూడడుగుల మూడంగుళాలు,” అని దేవేంద్రప్ప రాసుకున్నాడు.

రసూల్ సాహెబ్ ఆ పిల్లను చూశాడు, ఓవర్సీరును చూశాడు. “నలుగురు కోడండ్లకూ ఇదే కొలతనా సారూ?”

“వాళ్ళు బయటికి రారు గదా మేస్త్రీ తాతా. నలుగురి బదులూ నేనే గదా,” అంది ఈశ్వరి.

“నాకేం బిడ్డా. కట్టమన్న కాడికి కడతా,” అని ఆయన తాంబూలం దవడ మార్చుకున్నాడు.

ఏడో ఆదివారం వాన వచ్చింది. ఆ పక్క వాన వస్తే మొదటి చినుకును పట్టుకొని, దారి తప్పి వచ్చినావా అని అడుగుతారు. ఒక ముసలాయన వాన అంటే ఏమిటో తన మనవళ్ళకు చూపించడానికి పక్క ఊరి నుంచి బండి కట్టుకొని వచ్చాడని కూడా చెబుతారు. ఏమైనా ఆ రోజు మాత్రం కుండపోతగానే కురిసింది. రసూల్ సాహెబ్ దారాలు చుట్టుకొని ఇంటికి పరుగెత్తాడు. అవ్వ అరుగు మీద నుంచి కేకలు వేస్తూనే ఉంది. దేవేంద్రప్ప, ఈశ్వరి కొట్టం చూరు కింద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడ్డారు. ముప్పై అడుగుల వంటిల్లు తెల్లగా కారిపోతూ ఉంది.

“పాయె సారూ, వంటిల్లు.”

“మళ్ళా గీస్తా.”

“అంతా గుర్తుండాదా మీకు?”

“వాకిలి దాటినాక ఎడమ తట్టు కాగులు. మీరు కుండ దించేది మూడో పొయ్యి కాడ. అన్నం వార్చేటప్పుడు మీరు మొగం తూర్పుకు తిప్పుకుంటారు. అందుకే ఆ కిటికీ కొంచెం దించినా. పొయ్యి కాడ నిలబడితే మీ కుడిచేతికి చింతపండు, ఎడమచేతికి...”

“మా అమ్మ కుడిచేతికి,” అంది ఈశ్వరి.

“అవును. మీ అమ్మ కుడిచేతికి.”

వాన కొంచెం తగ్గింది. ఇద్దరూ కళ్ళం వైపే చూస్తున్నారు. చూడ్డానికి అక్కడ బురద, పేర్చిన ఇటుకల గట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం రామలక్ష్మమ్మ అతన్ని పిలిచింది. “ఏమప్పా, ఏడు ఆదివారాలాయె. కోట కట్టేవాళ్ళు గూడా ఇంత సేపు ఆలోచించరు. వచ్చే ఆదివారం నక్ష తెగల్ల. గురువారం రసూలు పునాది తీస్తాడు. రాజంపేట నుంచి ఈశ్వరిని చూడను వస్తామని కబురు చేసినారు. వాళ్ళనూ ఆ వారమే రమ్మంటాము.”

దేవేంద్రప్ప తల ఊపాడు. ఆ వారమంతా అతని దగ్గరికి వచ్చిన వాళ్ళు బావి గురించి అడిగితే పొయ్యి గురించి చెప్పాడట.

ఎనిమిదో ఆదివారం అతను పొద్దున్నే వచ్చాడు. తప్పు పెట్టాలని పిండి డబ్బా రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు గానీ చెయ్యి రాలేదు. ఆ ఇంట్లో ముప్పై నాలుగు మంది తింటారు, ముసలావిడకు కండ్లు పోతున్నాయి. పేర్చిన గట్టును ముట్టుకోకుండా, మిగతావి ఎక్కడివి అక్కడ గీశాడు. ఈశ్వరి నలుగురి దగ్గులూ దగ్గకుండానే నడిచింది. ఉప్పుజాడీ దగ్గర ఆగింది. కిటికీ దగ్గర ఆగింది. ఏమీ అనలేదు.

“ఏంది, ఈ పొద్దు నోరు లేవలేదు?” అంది అవ్వ.

“అంతా సరిగ్గానే ఉండాదవ్వా,” అని ఆమె కుండను గట్టు మీద పెట్టి పక్కకు వచ్చేసింది. ఆ మాట అన్న తీరు చూస్తే వంటిల్లు కూలిపోయిందని చెప్పినట్టుంది.

రామలక్ష్మమ్మ ముఖం ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. కొంతసేపటికి దడి వైపు తిరిగి కేకేసింది.

“రాండమ్మా, మీరూ రాండి. ఎనిమిది వారాలు మన కళ్ళంలో ముగ్గులేసినోడు ఇంకా పరాయోడేంది? వండేది మీరు. మీరూ ఒకసారి నిలబడి చూడండి.”

కోడళ్ళు కొంగులు సవరించుకొని ఒకరి వెనక ఒకరు వచ్చారు. నలుగురూ ఒకే మేదరి అల్లిన గంపల్లాగా పొట్టిగా, గుండ్రంగా ఉన్నారు. పెద్దామె గట్టు దగ్గర నిలబడి మునివేళ్ళ మీద లేచింది. రెండో ఆమె కుండలో చెయ్యి పెట్టబోతే అంచు మాత్రమే అందింది. చిన్నపిన్నమ్మకు గట్టు ఎద దాకా వచ్చింది. ఆమె కుండ వైపు తలెత్తి చూస్తూ, “అక్కా, ఉడికినాదో లేదో దీన్నే అడగల్ల,” అంది.

రామలక్ష్మమ్మ లేచి వచ్చి బండ మీద చెయ్యి వేసి తడిమింది. చెయ్యి చాలా పైకి పోయింది.

“ఇది ఎవురి కొలత?”

ఓబన్న మేస్త్రిని చూశాడు.

“నేను అడగాల్సింది ఆ పొద్దే అడిగినా తల్లీ,” అన్నాడు రసూల్ సాహెబ్. “ఇది ఈశ్వరమ్మ కొలత.”

“ఈశ్వరి ఈ ఇంట్లో ఇంకెన్నాళ్ళుంటాది? ఆ పిల్ల పోయినాక నా కోడండ్లు పీటలెక్కి వండాల్నా? చదువుకున్నోడివి గదప్పా, ఇంత మాత్రం తెలీలేదా?”

దేవేంద్రప్ప ముగ్గుపిండి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ప్యాంటు నల్లది.

“గీసేటప్పుడు తెలీలేదవ్వా. ఆమె నడుస్తాంటే ఆమెకే గీసుకుంటా పోయినా. ఆ రాత్రి ఆఫీసులో లెక్క చూసుకున్నప్పుడు, గట్టు ఆమె ఒక్కదానికే సరిపోతాదని తెలిసింది. తెలిసి గూడా చెప్పలేదు.”

“యాల?”

“చెప్తే సరిచేయాల. సరిచేస్తే మీకు నచ్చుతాది. నచ్చినాక నాకీ ఊర్లో పనుండదు.” కొంచెం ఆగి, “వాకిలి గూడా మరిచిపోలేదు. కావాలనే గీయలేదు. ఈ పొద్దు గూడా తప్పు పెడదామనుకున్యా, మీ కండ్లు గుర్తొచ్చి చెయ్యి రాలేదు,” అన్నాడు.

ఓబన్న నోరు తెరిచాడు. తల్లి చెయ్యెత్తితే మూశాడు.

“ఈశ్వరీ. నువ్వేమంటావు?”

ఈశ్వరి కాలి బొటనవేలితో ఒక గోడను కొంచెం చెరిపింది.

“ఆ పొద్దు ఉప్పుజాడీ పదకొండు అడుగుల దూరంలో లేదవ్వా. ఎనిమిదే.”

“ఏంది?”

“మూడడుగులు నేనే కలిపి చెప్పినా.”

“ఎనిమిదని నాకు తెల్సు. నేను కొలిచినా,” అన్నాడు దేవేంద్రప్ప.

“తెలిసి యాల మార్చినారు?”

“మార్చేదానికి మళ్ళా రావల్ల గదా.”

కోడళ్ళు నలుగురూ ఒకేసారి దగ్గారు. అక్కడ పొగ లేదు.

రామలక్ష్మమ్మ బండ మీద చెయ్యి తీయకుండా చాలాసేపు నిలబడింది. దేవేంద్రప్పకు ఆ సేపు ఎంత పొడుగనిపించిందంటే, రసూల్ సాహెబ్ ఆ లోపల పునాది తీసి గోడలు లేపి సున్నం కొట్టి ఉండవచ్చు.

“రసూలూ, గట్టు జానెడు దించు. నా కోడండ్ల కొలత తీసుకో. గురువారం పని మొదలుపెట్టు,” అంది చివరకు. “ఓబన్నా, రాజంపేటోళ్ళకు ఇప్పుడు రావద్దని కబురు పంపు.”

“అమ్మా, ఆ పిల్లోని గురించి మనకేం తెలుసు?”

“తప్పు తెలిసి దాచినాడు. అడిగితే అందరి ముందరా ఒప్పుకున్నాడు. ముసలిదాని కండ్లు పోతాయని ఈ పొద్దు మిగతాదంతా సరిగ్గా గీసినాడు. ఇంగేం తెలియాల నీకు?” ఆమె దేవేంద్రప్ప ఉన్న వైపు తిరిగింది. “నువ్వు పోయి మీ అమ్మను తోడుకొని రాప్పా. వంటింటి మాటలు మగోళ్ళతో తెగేవి కావు.”

దేవేంద్రప్ప సైకిలు దగ్గరికి ఎట్లా నడిచాడో అతనికి తెలియదు. గోడల్లోంచే నడిచాడు. ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు. తాళం తీస్తుంటే వెనక అడుగులు వినబడ్డాయి. ఈశ్వరి దడి దాకా వచ్చి ఆగింది. ఆమె అందరికంటే ముందు ఆలోచించే మనిషి. అప్పటికే ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది.

“మీ అమ్మ ఎంత పొడుగుంటాది?”

“నా భుజం దాకా వస్తాది.”

“అయితే రెండు గట్లు కావాల. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.”

“మా వంటిల్లు మొత్తం ఎనిమిదడుగులే. రెండు గట్లు పెడితే మనుషులు పట్టరు.”

“పడతారు. ముందు గీయండి సారూ. తప్పులుంటే నేను చెప్తా,” అంది ఈశ్వరి.